చక్రం వెనక నడిచే మనిషి

అతను పోయాడని సూళ్లూరుపేట నుంచి అతని చిన్నకొడుకు వచ్చి చెప్పినప్పుడు, నా మనసులో మొదట మెదిలిన మాట బయటికి చెప్పుకోదగ్గది కాదు. నాన్న దగ్గరికి నాకంటే ముందు వెళ్లిపోయాడే అనుకున్నాను. ఆ అబ్బాయి కుర్చీ అంచున కూర్చుని, తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, వాళ్ల నాన్న చివరి రోజుల గురించి చెబుతున్నాడు. నేను తల ఊపుతూ విన్నాను. కాఫీ ఇచ్చి పంపించాను. తలుపు వేసుకున్నాక, ఈ వయసులో కూడా ఇంత కుళ్లు మిగిలి ఉందా నాలో అని నాకే ఆశ్చర్యమేసింది.

పేరు రాయను. రాస్తే అతని పిల్లలు చదువుతారు. చదివాక వాళ్లు నన్ను ఇంతకు ముందులా చూడగలరో లేదో నాకు తెలియదు.

గూడూరు స్టేషను గూడ్సు షెడ్డు దగ్గర మా నాన్నకు బరువులు తరలించే పని ఉండేది. బియ్యం మిల్లుల ఇంజన్లు, బాయిలర్లు, ఇనప్పెట్టెలు, పంపుసెట్లు, ఏవి రైల్లో దిగినా వాటిని వ్యాగను మీంచి దించి, వెడల్పాటి ఎడ్లబండ్ల మీద ఊళ్లకు చేర్చేవాడు. కూలీలు ఆయన్ని మేస్త్రీ అనేవాళ్లు. మా అమ్మ నా తొమ్మిదో ఏట పోయింది. నేను మిషను బళ్లో చదివి, పరీక్ష ప్యాసై, ఇంట్లో ఉన్నాను. నాన్నకు తెలుగు బైబిలు చదవడం వచ్చు గాని ఇంగ్లీషు రాదు. వచ్చే పెట్టెల మీద రాతలన్నీ ఇంగ్లీషే. అందుకని ఏ పెద్ద పెట్టె దిగినా నాకు కబురు వచ్చేది.

"చదువమ్మణ్ణీ," అనేవాడు నాన్న.

బరువెంత, తాడు ఎక్కడ కట్టాలి, ఏ వైపు పైకి ఉండాలి, అన్నీ చదివి చెప్పేదాన్ని. నేను చదివేదాకా ఎవరూ పెట్టె మీద చెయ్యి వేసేవాళ్లు కాదు. ఇరవై మంది మగవాళ్లు గునపాలు పట్టుకుని నా నోటివంక చూస్తూ నిలబడేవాళ్లు. పద్దెనిమిదేళ్ల పిల్లకు అంతకంటే ఏం కావాలి.

అట్లాంటి ఒక రోజు ఒక ఇంజను పెట్టె బండి ఎక్కుతూ ఎక్కుతూ పక్కకు ఒరిగింది. తాడు కట్టవలసిన చోటు పెట్టె నడిమధ్య గుర్తు వేసి ఉంది. నేను అదే చదివాను. వాళ్లు అక్కడే కట్టారు. అయినా ఒరిగింది. పక్కన నిమ్మకాయల గంపలు ఎత్తుతున్న వాళ్లలోంచి ఒకతను వచ్చాడు. సన్నగా, పొడుగు మెడతో, పాతికేళ్లు ఉంటాయేమో. చెప్పులు విప్పి ఒక పక్కన పెట్టి, పెట్టె చుట్టూ ఒకసారి నడిచాడు. అరచెయ్యి చెక్క మీద ఆనించి కాసేపు నిలబడ్డాడు.

"బరువు యాడుందో చూడాల," అన్నాడు ఎవరితోనో కాదన్నట్టు. "లోపల ఇంజనుకు పెద్ద చక్రం ఈ పక్కన ఉండాది. గుర్తు పెట్టెకు ఏసినారు, లోపలి దానికి కాదు."

తాడు రెండడుగులు పక్కకు జరిపి కట్టించాడు. పెట్టె మాట విన్నట్టు లేచింది. నాన్న అతని భుజం మీద చెయ్యి వేసి, "ఏ ఊరు అబ్బయ్యా మీది?" అని అడిగాడు. పులికాట్ సరస్సు దగ్గర పడవల్ని ఇసక మీదికి లాగే పని చేసేవాడట. పడవల కింద దుంగలు వేసి దొర్లించడంలో నేర్చుకున్నదంతా ఇనుముకు వాడేవాడు. మర్నాటి నుంచి నాన్న దగ్గర చేరాడు.

నాకంటే ఏడేళ్లు పెద్ద. నన్ను అక్కా అనేవాడు. అందరినీ అట్లాగే పిలిచేవాడు, అయినా నాకు ఒళ్లు మండేది. నేను అతన్ని ఏమనీ పిలవలేదు. పిలవవలసి వస్తే దగ్గరికి వెళ్లి మాట్లాడేదాన్ని.

అతని అలవాట్లు కొన్ని ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. గ్రీజు డబ్బా తెరిస్తే ముందు వాసన చూసేవాడు, తర్వాత వేళ్ల మధ్య నలిపేవాడు, ఆ తర్వాతే చక్రానికి రాసేవాడు. గొలుసు కొనేటప్పుడు కళ్లు మూసుకుని ఒక్కో లంకెనూ వేళ్ల మధ్య జారవిడిచేవాడు. కూలీల చేత బరువు లేపించడానికి అందరిలా పాట అందుకునేవాడు కాదు. "ఊ" అనేవాడు, అంతే. ఆ "ఊ" కోసం ఇరవై మందీ ఊపిరి బిగబట్టేవాళ్లు. పల్లం దారిలోగాని ఎత్తులోగాని బండి కదులుతుంటే తను ముందు నడవడు. వెనక చక్రం పక్కన, చేతిలో తుమ్మచెక్క దిమ్మ పట్టుకుని నడుస్తాడు.

"ముందర ఆపేది చూసుకోవాల. కదిలించేది ఆ తర్వాత," అనేవాడు. కొట్టుకు వెళ్లినా అదే వరస. చక్రాల కిందికి అడ్డం పెట్టే దిమ్మలు, మోకులు, గొలుసులు కొన్నాకే చక్రాల వంక చూసేవాడు.

ఇనప్పెట్టెలు ఇళ్లలోకి తోసుకెళ్లడానికి ఒక కురచ ట్రాలీ చేయించాలని నాన్న అనుకున్నాడు. మోకాలి ఎత్తు కూడా ఉండదు, మందంగా ఒక పలక, దాని కింద నాలుగు చక్రాలు. చక్రాలు ఏరడానికి ఇనప సామాన్ల కొట్టుకు ముగ్గురం వెళ్లాం. కొట్టాయన ఇరవై చక్రాలు నేల మీద పోశాడు. అతను ఒక్కోదాన్నీ ఇరుసుకు గుచ్చి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నాలుగు తీసి పక్కన పెట్టాడు.

"మిగతావాటికి ఏమొచ్చింది?" అన్నాడు కొట్టాయన.

"అవి మాట్లాడతా ఉండాయి. మాట్లాడే చక్రం ఎక్కువ దూరం మొయ్యదు."

నాన్న నవ్విన నవ్వు నాకు గుర్తుంది. నేను బడిలో ఫస్టు వచ్చినప్పుడు కూడా అట్లా నవ్వలేదు. మర్నాడు నేను ఒక్కదాన్నే ఆ కొట్టుకు వెళ్లాను. మిగిలిపోయిన పదహారు చక్రాల్నీ ఒకటొకటిగా తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాను. నాకేమీ వినపడలేదు. కొట్టాయన బీడీ ఆర్పి, "ఏంటమ్మా, పాట వస్తా ఉండాదా?" అన్నాడు. చేతికి అంటిన గ్రీజు చీరకొంగుకు తుడుచుకుని ఇంటికి వచ్చాను. ఆ మరక ఎన్ని ఉతుకులకూ పోలేదు.

క్రమంగా వరస మారింది. పెట్టె దిగగానే నాన్న ముందు అతని వంక చూసేవాడు. అతను చెయ్యి ఆనించి సరే అన్నాక, "చదువమ్మణ్ణీ" అనేవాడు. నా చదువు ఉత్త సాక్ష్యంలా అయిపోయింది. మధ్యాహ్నం అన్నం నాన్న అతనితో పాటు షెడ్డు అరుగు మీదే తినేవాడు. ఇంటికి వచ్చినా అతని మాటలే.

నాన్న రోజూ సాయంత్రం దీపం పెట్టగానే ప్రార్థన చేసేవాడు. మా అమ్మ పోయినప్పటి నుంచి ఆ ప్రార్థనలో మొదటి పేరు నాది. ఒక సాయంత్రం కళ్లు మూసుకుని, "ప్రభువా, ఆ బిడ్డ చేతులు కాపాడు," అంటూ అతని పేరుతో మొదలుపెట్టాడు. తర్వాతే నా పేరు. నేను కళ్లు తెరిచి నాన్న ముఖం చూశాను. ఆయన ముఖం ఎప్పటిలాగే ప్రశాంతంగా ఉంది. తను ఏం చేశాడో ఆయనకు తెలియను కూడా తెలియదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. కడుపు నొప్పి అన్నాను.

ఎడ్లబండ్ల మీద ఇక కుదరదని నాన్న ఒక పాత ట్రాక్టరు తీసుకున్నాడు. దాని వెనక తగిలించే ట్రైలరు, మేం ట్రక్కు అనేవాళ్లం, మద్రాసులో కొనాలి. నేనే ఇంగ్లీషులో ఉత్తరాలు రాశాను. సామాన్ల జాబితా వచ్చింది. ఎనిమిది పేజీలు. రెండు చక్రాలదా నాలుగు చక్రాలదా, నొగ ఎంత పొడుగు, కొక్కెం ఎట్లాంటిది, టైర్లు, బేరింగులు, జాకీలు. మద్రాసు నేనూ వెళతాననుకున్నాను. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను. నాన్నకు నడుం పట్టేసింది, ప్రయాణం చేయలేడు.

"అబ్బయ్య పొయ్యి చూసుకొస్తాడులే," అన్నాడు. "నువ్వు ఆ కాగితాలన్నీ చదివి అతనికి చెప్పమ్మణ్ణీ."

"నేను కూడా పోతా నాన్నా."

"ఇనప కొట్ల మధ్యన ఆడపిల్లవి నువ్వెందుకమ్మా."

రెండు సాయంత్రాలు మా వరండాలో కూర్చుని అతనికి చదివి చెప్పాను. అతను మెట్టు మీద కూర్చుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని విన్నాడు. ఒకసారి వింటే చాలు, మర్చిపోడు. ఆఖరి పేజీలో పిన్నులు ఉన్నాయి. ట్రక్కు నొగను ట్రాక్టరుకు తగిలించాక పైనుంచి దించే ఇనప పిన్ను. రెండు రకాలు, చూడటానికి ఒక్కలాగే ఉన్నాయి. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రెండు వరసలు: మూడు టన్నులు దాటిన బరువుకూ, ఎత్తుపల్లాల దారికీ లావు పిన్నే వాడాలి అని.

ఆ రెండు వరసలూ నేను చదవలేదు. మర్చిపోయి కాదు. జాబితా మడుస్తుంటే అతను వంగి చూశాడు.

"అంతేనా అక్కా? కింద చిన్నచ్చరాలు ఏందో ఉండాయే."

"అది కంపెనీ అడ్రసు," అన్నాను.

ఎవరికీ దెబ్బ తగలాలని నేను కోరుకోలేదు. అతను సన్నది తేవాలి, నాన్న ఆ రెండు వరసలూ నా నోట వినాలి, నిన్ను పంపించి ఉండాల్సిందమ్మణ్ణీ అనాలి. నేను కోరుకున్నది అంతే.

అతను ట్రక్కు తెచ్చాడు. నాలుగు చక్రాలది, ముందు ఇరుసు తిరిగేది. సామానంతా వరండాలో పరిచి నాన్నకు చూపించాడు. జాబితాలో లేనివి రెండు గొలుసులు కూడా ఉన్నాయి. "పిన్ను కాకుండా ఇవి కూడా నొగకు కట్టుకుందాం మేస్త్రీ," అన్నాడు. పిన్ను సన్నదే. దాన్ని చూడగానే నా గుండె సంతోషంతో కొట్టుకుంది. వెంటనే చెప్పలేదు. జాబితా అనుకోకుండా తిరగేస్తున్నట్టు, అప్పుడే కనపడ్డట్టు చెప్పాలని అనుకున్నాను. ఇవాళ, రేపు అంటూ ఆ మాట బెల్లంముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగాను. ముందు వచ్చినవి చిన్న బరువులు. పంపుసెట్లు, సిమెంటు. పిన్ను మోసింది.

పది రోజులకు సముద్రం వైపు ఒక ఊరి మిల్లుకు పెద్ద ఇంజను వచ్చింది. నాలుగు టన్నులకు పైనే. పెట్టె మీది రాత నేనే చదివాను. ఆ దారిలో కాలవ మీద గూనివీపు వంతెన ఉంది. తెల్లవారాక బయల్దేరారు. నాన్న నడుం కాస్త నయమైంది, తనూ వెళతానన్నాడు. ట్రక్కు ఎక్కి ఇంజను వెనకాల కూర్చున్నాడు. అప్పుడు భయమేసింది నాకు. గబగబా ట్రక్కు దగ్గరికి వెళ్లాను.

"నాన్నా, ఆ పిన్ను సన్నగా ఉన్నట్టుంది."

నాన్న పిన్ను వంక చూడను కూడా చూడలేదు. "అబ్బయ్య చూసినాడులేమ్మా," అన్నాడు.

ఇంకొక్క మాట చాలు. నేను జాబితా తెచ్చి చూపించవచ్చు. అతన్నే పక్కకు పిలిచి చెప్పవచ్చు. అతను వెనక చక్రం దగ్గర దిమ్మ పట్టుకుని నిలబడి నా వంకే చూస్తున్నాడు. నేను చెప్పలేదు. అబ్బయ్య చూశాడుగా, చూడనీ అనుకున్నాను. ఇంట్లోకి వచ్చి గిన్నెలు తోమాను.

సాయంత్రం నాన్న ఒక్కడే వచ్చాడు. చొక్కా నిండా రక్తం.

"నాది కాదులేమ్మా," అన్నాడు. అరుగు మీద కూలబడి, నీళ్లు తాగి చెప్పాడు. "వంతెన సగం ఎక్కినాం. పిన్ను తెగింది. బండి యనక్కి పొయ్యింది. ఒక గొలుసు తెగింది, ఇంకోటి పట్టింది. అది గూడా తెగేదే. ఆ లోపల అబ్బయ్య దిమ్మ తోసినాడు. బండి ఆగింది. చెయ్యి తీసుకోలేకపొయినాడు." తన కుడిచేతి చివరి రెండు వేళ్లు నాకు చూపించాడు. "ఈ రెండూ పొయినాయి. నేను ఇంజను యనకాలే కూర్చోనుండా. బండి దొర్లుంటే ఇంజనూ నేనూ కాలవలో ఉండేవాళ్లం."

మర్నాడు జాబితా చీరకొంగున దాచుకుని గూడూరు ఆసుపత్రికి వెళ్లాను. అతను గోడవైపు మంచం మీద పడుకుని ఉన్నాడు. చేతికి తలకాయంత కట్టు. నన్ను చూసి లేవబోయాడు. నేను కాగితం విప్పి ఆ రెండు వరసలూ తెలుగులో చదివాను.

అతను పైకప్పు వంక చూస్తూ విన్నాడు.

"తెలుసక్కా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"మద్రాసు కొట్టులో చదివి చెప్పినారు. లావుది ఆ రోజు లేదన్నారు. రైల్లో పంపిస్తామన్నారు, ఇంకా రాలా. అందుకనే గొలుసులు తెచ్చినా."

"మరి నాన్నకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే, అక్క చదవలేదా అని అడుగుతాడు గదా."

నేను కాగితం మడిచాను. అతనే మళ్లీ, "నాది గూడా తప్పుండాదిలే," అన్నాడు. "గొలుసులు మోస్తాయిలే అనుకున్నా. పెద్ద బరువును ఇంకో వారం ఆపిచ్చాల్సింది. మేస్త్రీ ఎక్కతా ఉంటే గూడా వద్దనలా."

"నేను చదవలేదని తెలిసి కూడా నన్ను ఒక్క మాట అడగలేదే?"

"ఏమని అడిగేది అక్కా. నేను వచ్చినకాడి నుంచీ నీకు ఇష్టం లేదని తెలస్తానే ఉండాది."

ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది. కోపం ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఉండేదాన్ని. అతను మామూలుగా, చక్రం గురించో మోకు గురించో చెప్పినట్టు చెప్పాడు.

"నాన్నకు చెబుతావా?" అని అడిగాను.

"నేనైతే చెప్పను. నువ్వు చెప్పుకోవాలంటే చెప్పుకో."

ఇంటికి నడుస్తూ ఏడ్చాను. అది పశ్చాత్తాపమని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. సగమే నిజం. నేను చేసిన పాపాన్ని కూడా అతనే తీసుకుని, మడిచి, తన దగ్గర దాచిపెట్టుకున్నాడు. అది నాకు భరించరాకుండా ఉంది. అతను దాచిన దాన్ని నేను బయటపెట్టి తీరాలనిపించింది. ఆ పట్టుదలలో మంచితనం ఎంతో, పంతం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

సాయంత్రం ప్రార్థనకు ముందు నాన్నకు అంతా చెప్పాను. చిన్న అక్షరాలు, అడ్రసు అని చెప్పిన అబద్ధం, పది రోజులు మూసుకున్న నోరు. ఏదీ వదల్లేదు. నాన్న కొడతాడనుకున్నాను. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు, ఆ రోజు కొడితే బాగుండుననుకున్నాను. ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు.

"అతనికి తెలుసా?"

"తెలుసు. మద్రాసులోనే తెలుసు."

"తెలిసి గూడా నాతో చెప్పలేదా?"

"చెప్పలేదు. నీకు నా మీద కోపం వస్తుందని."

నాన్న తలెత్తాడు. ఆ ముఖం చూసి, ఆ మాట చెప్పి తప్పు చేశానని అర్థమైంది. కోపం లేదు. అసలు నా మీద ఏ భావమూ లేదు. కళ్లనిండా నీళ్లు, ఏదో గొప్ప సంగతి విన్నవాడి ముఖం. "ఎట్టాంటి బిడ్డ," అన్నాడు మెల్లగా. "ఎట్టాంటి బిడ్డను ఇచ్చినావు ప్రభువా నాకు." ఆ బిడ్డ ఎదురుగా కూర్చున్న నేను కాదు. తప్పు ఒప్పుకున్నది నేను, మెప్పు వెళ్లింది అతనికి. క్షమించానని నాన్న నాతో అన్నాడా అంటే, అన్నాడు. రెండు రోజుల తర్వాత, దారిన పోతూ గుర్తొచ్చినట్టు అన్నాడు.

మర్నాడు నాన్న తెల్లారగానే ఆసుపత్రికి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం వాళ్లిద్దరికీ క్యారియరులో అన్నం తీసుకెళ్లాను. చింతకాయ పచ్చడి, చేపల పులుసు, పెరుగు. వార్డులోకి అడుగుపెట్టబోయి గుమ్మం దగ్గర ఆగిపోయాను. నాన్న మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నేను ఆలస్యం చేశానేమో, పక్క మంచం వాళ్లను అడిగి తీసుకున్నట్టున్నాడు, ఒక సత్తుపళ్లెంలో పప్పన్నం కలుపుతున్నాడు. అతని కుడిచెయ్యి కట్టు కట్టి ఉందిగా. "ఎడమ చేత్తో తింటాలే మేస్త్రీ," అంటున్నాడు అతను. "నోరు తెరువబ్బయ్యా," అంటున్నాడు నాన్న.

మా అమ్మ పోయిన ఏడాది నాన్న నాకు అట్లా ముద్దలు కలిపి పెట్టేవాడు. మళ్లీ తర్వాత ఎప్పుడూ పెట్టలేదు, నేను పెద్దదాన్నయ్యాను కదా. క్యారియరు వేడి నా చేతికి తగులుతోంది. నేను లోపలికి వెళ్లలేదు, వెనక్కీ రాలేదు. గుమ్మానికి ఆనుకుని ఒక్కో ముద్దా చూస్తూ నిలబడ్డాను. అతను నన్ను చూశాడు. నోట్లో అన్నం ఉంది, మాట్లాడలేకపోయాడు. సిగ్గుపడి తల పక్కకు తిప్పుకున్నాడు. అతను ఎటు చూస్తున్నాడో అని నాన్న వెనక్కి తిరిగి, నన్ను చూసి, "వచ్చినావా అమ్మణ్ణీ," అన్నాడు. "ఆ కుండలో నీళ్లు ముంచి ఇటియ్యి, బిడ్డకు పలమారతా ఉండాది."

క్యారియరు కింద పెట్టి, నీళ్లు ముంచి, తీసుకెళ్లి ఇచ్చాను.